తెర మీది దుడ్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

సినిమాల్లో, సీరియళ్ళలో చూపించే నోట్లు, నాణేలు కథ జరిగే కాలానికి సరిపోవడం లేదంటూ తిరుపతి, చిత్తూరు పాఠకులు రాసిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం. కొందరు పట్టినవి అసలు తప్పులు కావు. వాటి సంగతి కూడా రాశాం.

ప్రశ్న (తిరుపతి): మేం నలుగురం కలిసి ఒక షార్ట్ ఫిల్మ్ తీస్తా ఉండాం. కథ 1984లో జరుగుతుంది. పిల్లోడిని ఎత్తుకుపోయినోడు పది లక్షలు బ్రీఫ్‌కేసులో పెట్టుకుని అలిపిరి కాడికి రమ్మంటాడు. గాంధీ బొమ్మ ఉన్న కొత్త నోట్లు పెట్టకూడదని మాకు తెలుసు. మా ఇంట్లో రద్దయిన పాత ఐదు వందల నోట్లు ఒక ఇరవై దాకా ఉండాయి. వాటిని పైన పరిచి సర్దుకోవచ్చా?

జవాబు: వద్దు. 1984లో ఐదు వందల నోటే లేదు. 1978 జనవరి 16న వెయ్యి, ఐదు వేలు, పది వేల నోట్లను రద్దు చేశారు. ఐదు వందల నోటు వచ్చింది 1987 అక్టోబరులో. ఈ రెండు తేదీల మధ్య తొమ్మిదేళ్ళకు పైగా మన దేశంలో అన్నిటికంటే పెద్ద నోటు వంద రూపాయలది. ఆ కాలపు కథలు తీసేవాళ్ళు ఎక్కువగా తప్పేది ఇక్కడే. నోటు మీది బొమ్మ గురించి గొడవ పడతారు గానీ, ఆ సొమ్ము ఎంత చోటు పడుతుందో లెక్కేయరు.

లెక్క చూడండి. పది లక్షలంటే పది వేల వంద నోట్లు, అంటే నూరు కట్టలు. ఆనాటి వంద నోటు పొడవు 15.7 సెంటీమీటర్లు, వెడల్పు 7.3. కొత్త నోట్ల కట్ట మందం సుమారు 1.2 సెంటీమీటర్లు. బ్రీఫ్‌కేసు లోపలి కొలత 45, 32, 10 సెంటీమీటర్లు అనుకుందాం. వరసకు ఆరు చొప్పున రెండు వరసలు పేరిస్తే ఒక పొరలో పన్నెండు కట్టలు పడతాయి. ఎత్తులో ఎనిమిది పొరలు. మొత్తం 96. నాలుగు కట్టలు బయటే మిగులుతాయి. అదీ కొత్త నోట్లయితేనే. చేతులు మారిన నోట్లు ఉబ్బి కట్ట ఒకటిన్నర సెంటీమీటరు అవుతుంది, అప్పుడు ఆరు పొరలకు మించి పట్టదు. 72 కట్టలు, ఏడు లక్షల ఇరవై వేలు. కాబట్టి మీ కథలో బ్రీఫ్‌కేసు తీసేసి సూట్‌కేసు పెట్టండి, లేదా అడిగే మొత్తం ఐదు లక్షలు చేయండి. నోటుకు దాదాపు ఒక గ్రాము చొప్పున పది లక్షల బరువు పది కిలోలు. నటుడు దాన్ని చిటికెన వేలితో ఊపుకుంటూ మెట్లెక్కకూడదు. భుజం ఒక పక్కకు వాలాలి.

కట్ట ఎలా కట్టి ఉందో కూడా చూసుకోండి. ఇప్పటి కట్టలకు కాగితపు పట్టీ ఉంటుంది. నోట్లకు పిన్నులు కొట్టొద్దని రిజర్వ్ బ్యాంకు బ్యాంకులను ఆదేశించింది 2001లో. అంతకు ముందు కట్టకు ఒక పక్క మందపాటి ఇనప పిన్నులు దిగి ఉండేవి, లాగితే నోటుకు చిల్లులు పడేవి. వాటర్‌మార్కు కోసం వదిలిన తెల్ల చోటులో క్యాషియర్లు పెన్నుతో అంకెలు వేసేవాళ్ళు. చిల్లులూ అంకెలూ లేని నోటు 1984 నాటి నోటులా కనిపించదు. ఈ రెండూ చేయడానికి మీకు ఖర్చేమీ లేదు.

పాత ఐదు వందల నోట్ల విషయంలో ఇంకో చిక్కుంది. 2016 నవంబరు 8న రద్దయిన నోట్లను పదికి మించి దగ్గర పెట్టుకోవడం 2017 చట్టం ప్రకారం నేరం. నాణేలు, నోట్ల మీద అధ్యయనం చేసేవాళ్ళకు 25 దాకా వెసులుబాటు ఉంది. దాటితే జరిమానా పది వేలు లేదా ఆ నోట్ల మీది విలువకు ఐదు రెట్లు, ఏది ఎక్కువైతే అది. ఇరవై ఉన్నాయని మీరే రాశారు, ముందు ఆ సంగతి చూసుకోండి.

ఇక సెట్ నోట్లు తయారు చేసే పద్ధతి. మూడు సింహాల బొమ్మ ఉన్న పాత వంద నోటును ఆధారంగా తీసుకోండి, కానీ అచ్చంగా దించకండి. కొలత కొంచెం మార్చండి, బ్యాంకు పేరు ఉండే చోట వేరే మాటలు వేయండి, ఒకే వైపు అచ్చు వేయండి. నోటును పోలిన కాగితం తయారు చేయడం భారతీయ న్యాయ సంహిత 182వ సెక్షను కింద నేరం. జరిమానా మూడు వందలే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. దాన్ని నకిలీ నోటని తేల్చితే 178వ సెక్షను వస్తుంది, అందులో యావజ్జీవం దాకా ఉంది. కట్టకు పైన ఒకటి, కింద ఒకటి చాలు, నడుమ ఖాళీ కాగితాలు పెట్టండి. మామూలు జిరాక్సు కాగితం కట్ట వంచితే చెక్క ముక్కలా విరుచుకు నిలబడదు, జారిపోతుంది. 90 జీఎస్ఎం కాగితం తీసుకోండి.

పాతదనం కోసం టీ డికాషన్‌లో ముంచేవాళ్ళున్నారు. ఇంక్‌జెట్ ప్రింటు అయితే రంగు కారిపోతుంది, లేజర్ ప్రింటే వేయాలి. ఒక నిమిషం ముంచి నీడలో ఆరబెట్టండి. అందరూ చేసే పొరపాటు ఏమిటంటే కట్ట మొత్తాన్ని ఒకే రంగులో ముంచడం. నిజమైన నోటు మడత దగ్గర, అంచుల దగ్గర నలుపెక్కుతుంది, మధ్యలో కాదు. నాలుగు మడతలు పెట్టి, ఆ గీతల మీద బొటనవేలితో గట్టిగా రుద్ది, ఆ తర్వాత టీలో ముంచితే మడతల్లోకే రంగు దిగుతుంది. షూటింగు అయ్యాక లెక్కపెట్టి మరీ చించేయండి.

గాంధీ బొమ్మ గురించి ఒక మాట. ఆయన బొమ్మతో నోట్ల వరస మొదలైంది 1996లోనే అయినా, 1969లో శతజయంతికి వేసిన నోట్ల మీద ఆయన కూర్చుని ఉన్న బొమ్మ ఉంది. 1987 నాటి ఐదు వందల నోటు మీదా ఆయనే. కాబట్టి 1970ల కథలో గాంధీ నోటు కనిపించగానే తప్పని అరవకండి, ఏ గాంధీయో చూడండి.

ప్రశ్న (చిత్తూరు): 1960లలో జరిగే ఒక సినిమాలో సేటు ఇనప్పెట్టెలోంచి ఐదు వేల రూపాయల నోటు తీసి ఇస్తాడు. హాల్లో అందరం నవ్వుకున్నాం. ఇంత పెద్ద తప్పును సెన్సారు వాళ్ళు ఎలా వదిలేశారు?

జవాబు: ఈసారి నవ్వాల్సింది సినిమా వాళ్ళు. ఐదు వేల నోటు 1954 నుంచి 1978 దాకా చెల్లుబాటులో ఉంది, దాని మీద ముంబయి గేట్‌వే ఆఫ్ ఇండియా బొమ్మ. పది వేల నోటు కూడా ఉండేది. మామూలు జనం కంట పడేవి కావు, అంతే. అదే సేటు 1950లో ఆ నోటు తీస్తే మాత్రం తప్పు. 1946 జనవరిలో ఐదు వందలు, వెయ్యి, పది వేల నోట్లను తెల్లదొరలు రద్దు చేశారు. 1954 దాకా వందకు మించిన నోటు లేదు.

ఇలాంటిదే ఇంకొకటి ఉంది. రెండు రూపాయల ఎనిమిది అణాల నోటు. చూపిస్తే ఎవరూ నమ్మరు. 1918లో నిజంగానే వేశారు.

ప్రశ్న (పుంగనూరు): 1955 నాటి సంత చూపిస్తూ "పది పైసలకు వంకాయలు" అని అరిపిస్తారు. మా అవ్వ ఆ మాట విని "అప్పుడు పది పైసలు యాడుండాయి?" అనింది. అవ్వ మాట నిజమేనా?

జవాబు: నూటికి నూరు పాళ్ళు నిజం. పది పైసల బిళ్ళ 1957లో వచ్చింది. ఆ ఏడాది ఏప్రిల్ 1 దాకా రూపాయికి పదహారు అణాలు, అణాకు నాలుగు పైసలు. ఆ పైసనే మన వైపు కాణీ అన్నారు. అణాను ఇంకా చిన్నగా కోస్తే పన్నెండు పైలు. రెండణాలు బేడ, నాలుగణాలు పావలా. సంతలో అరుపు "అణాకు వీశెడు", "బేడకు రెండు" అన్న ధోరణిలో ఉండాలి. పది అన్న అంకె ఆ లెక్కలో ఇమడదు. అన్నీ నాలుగు, ఎనిమిది, పదహారు మీద నడిచేవి.

అక్కడ కనిపించే నాణేలు ఏవో కూడా చెబుతాం. 1950 ఆగస్టు 15న మూడు సింహాలతో కొత్త నాణేలు వచ్చాయి. పైస మీద గుర్రం, అణా, బేడల మీద ఎద్దు. అణా అంచు పూరేకుల్లా వంపులు తిరిగి ఉంటుంది, బేడ మూలలు గుండ్రపరిచిన చదరం. కళ్ళు మూసుకుని జేబులో తడిమినా తెలియాలనే ఆ ఆకారాలు. 1955 సంతలో వీటితో బాటు ఆరో జార్జి తల ఉన్నవి కూడా దండిగా చెలామణిలో ఉంటాయి. దొర బొమ్మ ఉన్న నాణెం స్వాతంత్ర్యం వచ్చాక చూపించారని కొందరు తప్పు పట్టారు. అది తప్పు కాదు. 1947 ఆగస్టులో జరిగే సన్నివేశంలో సింహాల నాణెం చూపిస్తే మాత్రం తప్పు. నడిమధ్య పెద్ద చిల్లు ఉన్న కాణీ యుద్ధకాలంలో రాగి మిగిల్చుకోవడానికి వేసింది, 1943 నుంచి 1947 దాకా. 1930 నాటి ఉప్పు సత్యాగ్రహం కథలో అది కనిపించకూడదు.

ఒకవేళ కథ 1958లో జరిగితే అణాలూ కొత్త పైసలూ రెండూ చెల్లుతాయి, నిజానికి తీసే చేయి ఉంటే మంచి హాస్యం అక్కడే ఉంది. అణాకు ఆరుంపావు కొత్త పైసలు. పావు పైస లేదు కదా. అందుకని అణాకు 6, బేడకు 12, మూడణాలకు 19, పావలాకు 25 అని పట్టిక ప్రకారం ఇచ్చేవాళ్ళు. విడివిడిగా రెండు సార్లు అణా చొప్పున కొంటే పన్నెండు, మూడు సార్లు కొంటే పద్దెనిమిది. ఒకేసారి మూడణాల సరుకు కొంటే పందొమ్మిది! గొడవలు రాక ఏమవుతాయి? 1964 జూన్ దాకా ఆ బిళ్ళ మీద "నయా పైసా" అనే ఉండేది. అంటే 1970 కథలో ఎవరైనా కొత్తగా వేసిన బిళ్ళ పట్టుకుంటే దాని మీద "నయా" ఉండకూడదు.

చిట్టా పుస్తకం క్లోజప్ వేసేవాళ్ళకు: 1957కు ముందు పద్దులో చుక్క ఉండదు. పన్నెండు రూపాయల ఎనిమిది అణాల ఆరు పైలను 12-8-6 అని రాస్తారు. 12.50 అని రాస్తే ఆ పుస్తకం ఎంత చెదలు పట్టినట్టు చేసినా దండగే.

ప్రశ్న (చంద్రగిరి): రాయలవారి కాలపు సినిమాల్లో కవులకు సంచుల కొద్దీ బంగారు నాణేలు విసురుతారు. ఒక్కో నాణెం అప్పడం అంత ఉంటుంది, దాని మీద రాజుగారి మీసాలు. నిజంగా ఎలా ఉండేవి?

జవాబు: చొక్కా గుండీ అంత ఉండేవి. వరాహ బరువు సుమారు 3.4 గ్రాములు, అడ్డంగా సెంటీమీటరుకు కొంచెం ఎక్కువ. వెడల్పు తక్కువ, మందం ఎక్కువ. అంచు మీద గీతలు ఉండవు, మరీ గుండ్రంగానూ ఉండదు. సుత్తి దెబ్బతో అచ్చు పడిన ముక్క అది. దానిలో సగం ప్రతాప. పణం ఇంకా చిన్నది, అర గ్రాము కూడా తూగదు, ఊదితే ఎగిరిపోతుందేమో అన్నట్టు ఉంటుంది. రోజువారీ బంగారు బేరాలకు ఎక్కువ పనికొచ్చింది ఈ పణమేనని 1443లో విజయనగరం చూసిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ రాశాడు. ఆ పణాన్ని ఇంతవరకు ఏ సినిమా సంతలోనూ సరిగా చూపించినట్టు లేదు, చూపించాలంటే మాక్రో లెన్సు కావాలి మరి.

రాజు ముఖం విజయనగర నాణెం మీద ఉండదు. దేవుడే ఉంటాడు. కృష్ణదేవరాయల వరాహ మీద కూర్చున్న బాలకృష్ణుడు, వెనక నాగరి లిపిలో "శ్రీ ప్రతాప కృష్ణరాయ". తెలుగు రాజు కాబట్టి తెలుగు అక్షరాలు చెక్కించడం ఆర్ట్ డిపార్టుమెంటు వాళ్ళ అభిమానం, చరిత్ర కాదు. మీ ఊరి కోటలో ఉండి పాలించిన వేంకటపతి రాయల నాణెం అయితే తోరణం కింద నిలబడ్డ వేంకటేశ్వరుడు, వెనక "శ్రీ వేంకటేశ్వరాయ నమః". ఇది కూడా నాగరిలోనే. రాయల కథలో ఈ నాణెం వాడారంటే ఓ అరవై డెబ్బై ఏళ్ళు ముందుకు జరిగినట్టే. దేవస్థానం వాళ్ళు అమ్మే శ్రీవారి డాలరుకు కొక్కెం కోసేసి వరాహ అని చూపించాలన్న ఆలోచన ఎవరికైనా ఉంటే మానుకోండి. దాని నునుపు, మెరుపు ఈ కాలపు మిషనువి.

ఇక సంచి. వెయ్యి వరాహలు 3.4 కిలోలు, కానీ బంగారం కాబట్టి చోటు పట్టదు. మధ్య ఖాళీలతో కలిపినా రెండు గ్లాసుల నీళ్ళు పట్టేంత చెంబులో సరిపోతాయి. సినిమాల్లో వెయ్యి వరాహలకు దిండు గలీబంత సంచి చూపిస్తారు. ఆ సంచి నిజంగా నిండితే విసిరేవాడి భుజం జారుతుంది, పట్టుకునే కవి బతకడు. లంకె బిందెల సన్నివేశాలదీ ఇదే కథ. పదిహేను లీటర్ల బిందె నిండా వరాహలుంటే 140 కిలోలకు తక్కువ కాదు. హీరో ఒక్కడే గోతిలోంచి ఎత్తి నడుము మీద పెట్టుకుంటాడు!

మాటల్లోనూ జాగ్రత్త. రాయలు 1529లో పోయారు. రూపాయి అన్న పేరుతో వెండి నాణెం వేయించిన షేర్షా ఢిల్లీ గద్దె ఎక్కింది 1540లో. రాయల సభలో "వెయ్యి రూపాయలు" అన్న మాట నోటి వెంట రాకూడదు.

ప్రశ్న (శ్రీకాళహస్తి): మా తాతగారి పెట్టెలో 1818 అని, ఈస్టిండియా కంపెనీ అని, ఒక వైపు ఆంజనేయస్వామి ఉన్న రాగి అణా ఉంది. ఒక సీరియల్లో కూడా అచ్చం ఇలాంటిదే చూపించి లక్షలు పలుకుతుందన్నారు. నిజమా?

జవాబు: కాదండీ. ఆంజనేయుడు, రాముడి పట్టాభిషేకం, 1616, 1717, 1818, 1839 వంటి సంవత్సరాలతో దొరికేవన్నీ పుణ్యక్షేత్రాల దగ్గర భక్తుల కోసం చేసి అమ్మిన బిళ్ళలు. కంపెనీ టంకసాలలో పుట్టినవి కావు. తేలిగ్గా పట్టుకునే గుర్తు దాని మీదే ఉంది: బ్రిటిష్ ఇండియాలో అణా విలువకు నాణెం మొదటిసారి వేసింది 1907లో. అదీ రాగిది కాదు, రాగి నికెలు కలిపింది, వంపుల అంచుతో. 1818లో రాగి అణాయే లేనప్పుడు దాని మీద ఆంజనేయుడు ఎక్కడి నుంచి వస్తాడు? పూజలో పెట్టుకోండి. లక్షలిస్తామని ఫోను చేసి, ముందుగా "రిజిస్ట్రేషన్ ఫీజు" అడిగేవాళ్ళు ఉంటారు, ఒక్క రూపాయి పంపొద్దు.

కంపెనీ వాళ్ళు మన దేవుడి బొమ్మ అసలు వేయలేదని మాత్రం అనుకోకండి. మద్రాసులో వేసిన స్టార్ పగోడా బంగారు నాణెం మీద ఒక వైపు విష్ణుమూర్తి, ఇంకో వైపు నక్షత్రం. ఒక పగోడాకు మూడున్నర రూపాయలు. అప్పట్లో మన ఊళ్ళలో నడవాలంటే ఆ బొమ్మ లేకుంటే జనం తీసుకునేవాళ్ళు కాదు మరి.

ప్రశ్న (మదనపల్లె): తెలంగాణ సాయుధ పోరాటం మీద సినిమాలో జనం దొర తల ఉన్న రూపాయలు లెక్కపెడతా ఉంటారు. సరైనదేనా?

జవాబు: మదనపల్లెలో అయితే సరే, మనం మద్రాసు రాష్ట్రం కింద ఉన్నాం. హైదరాబాదు సంస్థానానికి సొంత సిక్కా ఉండేది, నాణెం మీద చార్మినారు, ఉర్దూ రాత. హాలీ సిక్కా అనేవాళ్ళు. ఏడు హాలీ రూపాయలకు ఆరు బ్రిటిషు రూపాయలు. 1918 నుంచి నిజాం సొంత నోట్లు కూడా ఉన్నాయి. పల్లెటూరి రైతు చేతిలో హాలీ ఉండాలి, దొర తల రూపాయి సరిహద్దు దాటి వచ్చిన వ్యాపారి చేతిలో ఉంటే అందం.

ప్రశ్న (పుత్తూరు): 1995లో జరిగే కథలో కిరాణా అంగడి బోర్డు మీద రూపాయి గుర్తు ఉంది. తప్పే కదా?

జవాబు: తప్పే. ఆ గుర్తు ఖరారైంది 2010 జూలై 15న. అంతకు ముందు "రూ." అని రాసుకున్నాం.

ప్రశ్న (తిరుపతి): 1970ల కథలో తిరుమల హుండీ సన్నివేశం ఉంది. కొప్పెరలో ఏం కనిపించాలి?

జవాబు: ముందు తేలికైన బిళ్ళలు. 1964లో మూడు పైసల అల్యూమినియం బిళ్ళతో మొదలై చిల్లర చాలావరకు ఆ లోహానికే మారింది. చదరపు ఒక పైస బరువు ముప్పావు గ్రామే. ఆరు మూలల మూడు పైసలు, వంపుల అంచు పది పైసలు గుట్టగా పోయండి. ఒకటి, రెండు, ఐదు రూపాయల నోట్లు ఎక్కువగా, పదులు, వందలు అక్కడక్కడ. పసుపు గుడ్డలో కట్టిన ముడుపులు కొన్ని విప్పకుండా వదలండి, లోపల ఏముందో చూపించాల్సిన పని తప్పుతుంది. స్టీలు బిళ్ళలు మాత్రం ఒక్కటి కూడా కలవనీయకండి, అవి 1988 తర్వాతివి. తెల్లగా, అద్దంలా మెరుస్తూ దూరం నుంచే పట్టిస్తాయి.

శబ్దం విడిగా ఎక్కించేవాళ్ళు ఇంకో సంగతి గుర్తు పెట్టుకోవాలి. అల్యూమినియం బిళ్ళ ఖంగుమనదు, టిక్కుమని ఊరుకుంటుంది. వెండి రూపాయి మోత ఇక్కడ అతికిస్తే చెవికి తెలిసిపోతుంది. ఆ మోత కావాలంటే కథను 1940కి ముందు కాలానికి తీసుకుపోవాలి, ఆ ఏడాదే రూపాయిలో వెండిని సగానికి తగ్గించేశారు. నాణెం మీది సంవత్సరం కనిపించేలా క్లోజప్ వేస్తే దాని కింద చుక్క, వజ్రం, నక్షత్రం ఉన్నాయేమో కూడా చూసుకోండి. నక్షత్రం హైదరాబాదుది, వజ్రం బొంబాయిది, ఏమీ లేకపోతే కలకత్తా. గుండ్రని చుక్క ఉంటే నోయిడా టంకసాల నాణెం, అది 1980ల చివర్లో మొదలైంది కాబట్టి మీ గుట్టలోంచి తీసేయండి.